మహమ్మారి లెక్కలు – పోలిక ధర్మము

ఒక ఊరిలో మహమ్మారి వచ్చి పోయిన పిమ్మట పెద్దలు వేసికొను మొదటి ప్రశ్న, ఎందరు పోయిరి అనునది. రెండవ ప్రశ్న దాని వెంటనే వచ్చును: పొరుగూరిలో ఎందరు? ఈ రెండవ ప్రశ్నలోనే పోలిక అను శాస్త్రమునకు బీజము కలదు. పొరుగూరిలో తక్కువ మంది పోయినచో, వారు చేసినదేమి, మనము చేయనిదేమి అని విచారించుట మానవ సహజము. ఆ విచారము అనేక లక్షల ప్రాణములను కాపాడినది. తొందరపాటుతో చేసినపుడు అదే విచారము నిరపరాధుల మీద నింద మోపినది.

2020 లో కోవిడ్ వ్యాధి లోకమంతటను వ్యాపించిన నాటి నుండి ఈ పోలిక డేటా సైన్సు అను క్రొత్త పేరుతో ఇంటింటికి వచ్చినది. ఉదయము లేచినది మొదలు ఏ దేశములో ఎన్ని కేసులు, ఏ రాష్ట్రములో ఎన్ని మరణములు అను పట్టికలు మన చేతిలోని ఫోనులో ప్రత్యక్షమయ్యెను. యంత్రములు క్రొత్తవి, వేగము క్రొత్తది. కాని అందలి తర్కము, అందలి ప్రమాదములు నూట డెబ్బది సంవత్సరముల నాటివి. ఆ చరిత్రను తెలిసికొన్నచో నేటి పట్టికలను ఎట్లు చదువవలయునో కొంత బోధపడును.

కార్యాలయములలో నెలనెలా స్టేట్‌మెంట్లు తయారుచేసి పైకి పంపు మన వంటి వారికి ఈ కథ పరాయిది కాదు. గడిలో వ్రాసిన అంకె ఒకసారి పైకి పోయిన తరువాత, దానిని వ్రాసినవానికి గల సందేహము దానితో పోదు. క్రింది కార్యాలయములో అది అంచనా. పై కార్యాలయములో అది సత్యము. మహమ్మారుల లెక్కలలో జరిగిన పొరపాట్లు పెక్కు ఈ చిన్న విషయము చుట్టునే తిరుగుచున్నవి.

లండను నగరపు పాఠము

ఇంగ్లండులో 1837 లో జనన మరణముల నమోదు ఆరంభమయ్యెను. ఆ శాఖలో గణాంకములను చూచిన విలియం ఫార్ మహా పరిశ్రమశీలి. 1848–49 లో వచ్చిన కలరాలో లండనులోని పేటలన్నింటి మరణములను ఆయన ప్రక్క ప్రక్కన ఉంచి పోల్చెను. థేమ్స్ నదికి దగ్గరగా, పల్లములో ఉన్న పేటలలో మరణములు అధికము. ఎత్తునకు పోయిన కొలది మరణములు తగ్గినవి. పల్లపు నేలనుండి లేచు చెడు గాలియే కలరాకు కారణమని ఆయన నిశ్చయించెను.

ఇచ్చట లెక్క తప్పు కాదు. ఎత్తునకును మరణములకును గల సంబంధమును అబద్ధము కాదు. కారణము మాత్రము తప్పు. పల్లపు పేటలవారు నగరపు మురుగు కలిసిన నది నీటిని త్రాగుచుండిరి. చావునకు మూలము ఆ నీరు. రెండు విషయములు కలిసి నడచుట చూచి, ఒకటి రెండవదానికి కారణమనుకొనుట ఎంత పండితునకైనను సంభవించు ప్రమాదమని ఈ కథ చెప్పుచున్నది.

1854 లో డాక్టరు జాన్ స్నో మరియొక పోలిక చేసెను. దక్షిణ లండనులో రెండు కంపెనీలు నీరు సరఫరా చేయుచుండెను. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ నగరములోనే, మురుగు కలిసిన చోట నీరు తీసికొనుచుండెను. లాంబెత్ కంపెనీ 1852 లో తన తూమును నగరమునకు ఎగువకు మార్చుకొనెను. పెక్కు వీధులలో రెండు కంపెనీల గొట్టములును కలిసియే పోవుచుండెను. ఒకే వీధి, ఒకే గాలి, ఒకే విధమైన జనము. నీరు మాత్రము వేరు. స్నో ఇల్లిల్లు తిరిగి విచారించి లెక్క తీసెను. పదివేల ఇండ్లకు మొదటి కంపెనీ నీరు త్రాగినవారిలో 315 మంది, రెండవ కంపెనీ నీరు త్రాగినవారిలో 37 మంది చనిపోయిరి.

ఫార్ పోలికకు, స్నో పోలికకు గల భేదమును మనము గుర్తింపవలయును. ఫార్ పోల్చిన పేటలు పెక్కు విషయములలో వేరువేరు. స్నో పోల్చిన ఇండ్లు నీటి విషయములో తప్ప తక్కిన వానిలో సమానములు. ప్రాంతములను పోల్చు శాస్త్రమంతయు ఈ ఒక్క భేదము మీద నిలిచియున్నది. ఇందు ఫార్ గొప్పతనమును మరువరాదు. స్నోకు మరణముల జాబితాలు ఇచ్చినది ఆయన పనిచేసిన శాఖయే. 1866 లో తూర్పు లండనులో మరల కలరా వచ్చినపుడు ఆయన నీటి కారణమును అంగీకరించి, ఒక కంపెనీ నీటినే దోషిగా చూపెను. తన సిద్ధాంతముకంటె తన లెక్కను ఎక్కువగా గౌరవించిన మనీషి ఆయన.

1918 నాటి మన దేశము

మన దేశమున మిక్కిలి ఘోరమైన మహమ్మారి 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. అది ఆ యేడు జూన్ నెలలో బొంబాయిలో కనబడెను. మొదటి విడత కొంత తేలికగా పోయెను. రెండవ విడత సెప్టెంబరులో ఆరంభమై అక్టోబరు, నవంబరు నెలలలో పల్లెలను ఊడ్చివేసెను. ఆ యేడే వానలు తప్పెను. పశ్చిమ, మధ్య ప్రాంతములలో గింజలు లేవు, పశువులకు మేత లేదు. 1911 లో నేటి భారతదేశపు పరిధిలోని జనసంఖ్య 25 కోట్ల 21 లక్షలు. 1921 లో 25 కోట్ల 13 లక్షలు. జనాభా లెక్కల చరిత్రలో మన దేశపు జనసంఖ్య తగ్గిన దశాబ్దము అది ఒక్కటే.

ఎందరు చనిపోయిరి? భారత ప్రభుత్వపు శానిటరీ కమిషనరు నార్మన్ వైట్ 1919 లో వ్రాసిన తొలి నివేదికలో దేశమంతటికి సుమారు 60 లక్షలని అంచనా వేసెను. 1921 జనాభా లెక్కల నివేదికలో ఆ సంఖ్య కోటి 20 లక్షలు మొదలు కోటి 30 లక్షల వరకు పోయెను. 1951 లో కింగ్స్లీ డేవిస్ అను జనాభా శాస్త్రజ్ఞుడు దానిని 2 కోట్లకు చేరువగా చూపెను. 1986 లో ఐ. డి. మిల్స్ కోటి 70 లక్షల ప్రాంతములో నిలిపెను. 2012 లో బ్రిటిషు పాలిత మండలములకు మాత్రమే చేసిన ఒక గణనలో అది సుమారు కోటి 39 లక్షలుగా తేలెను. మరణించినవారు మారలేదు, వారిని లెక్కించు పద్ధతి మారెను.

ఈ భేదమునకు కారణము గ్రామములో ఉన్నది. ఉత్తర దేశమున చౌకీదారు, మదరాసు రాజధానిలో గ్రామాధికారి చెప్పినదే మరణ నమోదు. వారిలో వైద్యులు లేరు. జ్వరముతో చనిపోయినవారందరును "జ్వరములు" అను ఒక్క పద్దులోనే పడుచుండిరి. మలేరియాయైనను, ఇన్‌ఫ్లుయెంజాయైనను ఆ పుస్తకములో ఒక్కటే. అంతేకాదు, వ్యాధి ముదిరిన వారములలో వ్రాయువాడే మంచమెక్కెను, కొన్ని చోట్ల చనిపోయెను. చావు మిక్కుటమైన చోటనే పుస్తకము మూతపడెను. కనుక అంకె తక్కువగా ఉన్న గ్రామము ఆరోగ్యముగా ఉన్న గ్రామమని చెప్పుటకు వీలు లేదు.

పరిశోధకులు ఇందుకు ఒక ఉపాయము కనుగొనిరి. రోగము పేరు వదలివేసి, మొత్తము మరణములను చూచుట. సాధారణ సంవత్సరములలో ఒక మండలములో సగటున ఎందరు చనిపోవుదురో తెలిసికొని, 1918 లో చనిపోయినవారి నుండి ఆ సగటును తీసివేసినచో మిగిలినది మహమ్మారి తీసికొనిపోయినదని భావింపవచ్చును. దీనినే నేడు అధిక మరణముల గణన అనుచున్నారు. నూరేండ్ల పిమ్మట కోవిడ్ లెక్కలకు శాస్త్రజ్ఞులు ఆశ్రయించినది ఈ పాత పద్ధతినే.

ఆ గణన ప్రకారము బొంబాయి రాజధాని, మధ్య పరగణాలు ఘోరముగా దెబ్బతినెను. బెంగాలు, మదరాసు ప్రాంతములు అంతకంటె తక్కువ నష్టముతో బయటపడెను. దీనిని బట్టి మదరాసు దొరల పాలన బొంబాయి దొరల పాలనకంటె మేలైనదని ఎవరైన అన్నచో అది ఫార్ చేసిన పొరపాటే యగును. పశ్చిమమున కరువు కలదు; వ్యాధి మిక్కిలి ఉగ్రరూపముతో ముందుగా అచ్చటనే చెలరేగెను; ఋతువు, శీతోష్ణములు వేరు. తెలుగు జిల్లాలలోని పల్లెలను కాపాడినది సర్కారు వారి వివేకమని చెప్పుటకు ఆధారము లేదు.

రెండు ద్వీపములు, రెండు నగరములు

అయితే పోలిక ఎన్నడును పనికిరాదని చెప్పరాదు. అదే 1918 లో పసిఫిక్ మహాసముద్రమున సమోవా ద్వీపములలో జరిగినది చూడుడు. ఒకే జాతి, ఒకే భాష, ఒకే జీవన విధానము గల ప్రజలు రెండు పాలనల క్రింద ఉండిరి. పశ్చిమ సమోవా న్యూజీలాండు సైనికాధికారి రాబర్ట్ లోగన్ పాలనలో ఉండెను. నవంబరు 7 వ తేదీన టలూన్ అను ఓడ రోగులతో ఏపియా రేవునకు రాగా దానిని ఆపినవారు లేరు. కొలది వారములలో సుమారు 8,500 మంది, అనగా ప్రజలలో అయిదవ వంతునకు పైగా చనిపోయిరి. తూర్పున అమెరికను సమోవాలో గవర్నరు జాన్ పోయర్ ఓడలను ఆపి, క్వారంటీను కఠినముగా అమలుపరచెను. అచ్చట ఇన్‌ఫ్లుయెంజా వలన ఒక్కరును చనిపోలేదు.

ఇది స్నో పోలిక వంటి పోలిక. తక్కిన వన్నియు దాదాపు సమానములు. నిర్ణయము మాత్రము వేరు. ఇటువంటి చోట లెక్క తీర్పు చెప్పగలదు, చెప్పవలయును కూడ. 2002 లో న్యూజీలాండు ప్రధాని హెలెన్ క్లార్క్ సమోవా ప్రజలకు చెప్పిన క్షమాపణలో ఈ ఓడ సంగతియు చేరియుండెను.

అమెరికా నగరముల కథ కొంత చిక్కుపడినది. 1918 లో ఫిలడెల్ఫియాలో మొదటి కేసులు సెప్టెంబరు 17 న వెల్లడి కాగా, 28 న యుద్ధ ఋణముల కొరకు పెద్ద ఊరేగింపు జరిగెను. పాఠశాలలు, నాటకశాలలు మూయుట అక్టోబరు 3 న గాని జరుగలేదు. సెయింట్ లూయీ నగరమున అక్టోబరు 5 న కేసులు బయటపడగా, 7 వ తేదీకే ఆంక్షలు వచ్చెను. 2007 లో వెలువడిన ఒక పరిశోధనలో, మిక్కిలి ఘోరమైన వారమున లక్షకు ఫిలడెల్ఫియాలో 257 మంది, సెయింట్ లూయీలో 31 మంది అధికముగా చనిపోయినట్లు తేలెను. ఈ పోలిక 2020 లో ప్రపంచమంతట ప్రచారమయ్యెను. త్వరగా మేల్కొనుట మేలని అది గట్టిగా చెప్పుచున్నది. కాని సెయింట్ లూయీకి వ్యాధి తరువాత చేరెను. తూర్పు తీరపు అనుభవము చూచి నేర్చుకొను అవకాశము దానికి కలిగెను. ఆంక్షలు సడలించిన పిమ్మట అచ్చటను మరణములు మరల పెరిగెను. కనుక ఒక్క శిఖరమును మాత్రము చూచి సెయింట్ లూయీకి జయపత్రమీయరాదు. చివరివరకు జరిగినది చూడవలయును.

మన కాలపు పట్టికలు

ఇక మన కాలమునకు వత్తము. 2021 జూలై ఆరంభమునకు ఆంధ్రప్రదేశ్‌లో గుర్తింపబడిన కోవిడ్ కేసులు సుమారు 19 లక్షలు. తెలంగాణలో 6 లక్షలకు పైగా. 2011 నాటి జనసంఖ్యతో భాగించినచో ఆంధ్రప్రదేశ్‌లో వేయింటికి 38, తెలంగాణలో వేయింటికి 18. ఈ అంకెలు చూచి ఒక తెలుగు రాష్ట్రము రెండవదానికంటె రెట్టింపు విఫలమైనదని అనుకొనుట మిక్కిలి సులభము. అట్లు అనినవారును కలరు.

అదే సమయమున, జూన్ జూలై నెలలలో, భారత వైద్య పరిశోధన మండలి 21 రాష్ట్రములలోని 70 జిల్లాలలో రక్తపరీక్షలు చేసి, ఎందరి శరీరములలో ఈ వ్యాధికి ప్రతిరక్షకములు కలవో చూచెను. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 70.2 మందికి, తెలంగాణలో 63.1 మందికి ఉన్నట్లు తేలెను. పరీక్షించిన జిల్లాలు కొన్నియే. టీకా వలన ప్రతిరక్షకములు వచ్చినవారును అందులో చేరిరి. అయినను ఒక్క సంగతి స్పష్టము. కేసుల పట్టికలో రెట్టింపుగా కనబడిన భేదము రక్తములో అంత లేదు. 2020 మధ్య నెలలలో ఆంధ్రప్రదేశ్ విరివిగా పరీక్షలు జరిపినది. తెలంగాణలో పరీక్షలు చాలవని అచ్చటి హైకోర్టు పలుమారు ఆక్షేపించినది. కేసుల సంఖ్య వ్యాధిని మాత్రమే కొలువదు. వ్యాధిని వెదకిన శ్రద్ధను కూడ కొలుచును. వెదకినవానికి దొరకును, వెదకనివానికి దొరకదు. పట్టికలో మాత్రము దొరకినవాడే దోషిగా నిలుచును.

కేరళ సంగతియు ఇట్టిదే. 2021 జూలై చివర దేశములోని దినసరి కేసులలో దాదాపు సగము ఆ ఒక్క రాష్ట్రములోనే ఉండెను. కేరళ పద్ధతి విఫలమైనదని పత్రికలలో వ్రాతలు వచ్చెను. పై రక్తపరీక్షలలో మధ్యప్రదేశ్‌లో నూటికి 79 మందికి ప్రతిరక్షకములుండగా కేరళలో 44.4 మందికే ఉండెను. అనగా అంతవరకు ఎక్కువ మందిని వ్యాధి సోకకుండ ఆపిన రాష్ట్రములో, ఇంకను సోకదగినవారు ఎక్కువ మంది మిగిలియుండిరి. ఒక నెల పట్టిక చూచినచో అది ఓటమి. రెండేండ్ల కథ చూచినచో అది వేరు.

మరణముల లెక్క మరింత సున్నితమైనది. బ్రిటనులో 2020 ఆగస్టులో, పరీక్ష జరిగిన 28 దినములలోపల చనిపోయినవారినే లెక్కింపవలెనని నియమము మార్చగా ఒక్కనాడే 5,000 పైచిలుకు మరణములు పట్టికనుండి తొలగెను. బెల్జియం పరీక్ష లేకున్నను అనుమానముతో వృద్ధాశ్రమ మరణములను చేర్చుకొనగా, ఐరోపాలో అది అందరికంటె హీనముగా కనబడెను. పెరూ దేశము 2021 మే 31 న తన లెక్కను పునర్విచారించి, 69,342 మరణములను 1,80,764 గా సవరించెను. మన బీహారులో అదే సంవత్సరము జూన్‌లో సుమారు 5,400 గా ఉన్న సంఖ్య ఒక్కసారి 9,400 దాటెను. సవరించిన నాడు చనిపోయినవారు అధికము కాలేదు, సత్యము అధికమయ్యెను. కాని ఆ దినపు పట్టిక చూచినవారికి ఆ రాష్ట్రమే ఘోరమైనదిగా తోచెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో, 2020, 2021 సంవత్సరములలో భారతదేశమున 47 లక్షల అధిక మరణములు కలిగినవని అంచనా ప్రకటించెను. ప్రభుత్వపు లెక్కలో 2021 చివరకు కోవిడ్ మరణములు సుమారు 4 లక్షల 81 వేలు. ఇంత విశాలమై, ఇన్ని భేదములు గల దేశమునకు ఒక గణిత నమూనా సరిపోదనియు, జనన మరణముల నమోదు ఉండగా నమూనాల అవసరము లేదనియు భారత ప్రభుత్వము ఆక్షేపించెను. 2025 మే నెలలో 2021 సంవత్సరపు నమోదు వివరములు వెలువడెను. 2020 లో నమోదైన మరణములు 81 లక్షల 20 వేలు. 2021 లో 1 కోటి 2 లక్షలు. పెరిగిన 21 లక్షలును కోవిడ్ వలననే యని చెప్పరాదు. నమోదు మెరుగుపడుట కూడ ఇందులో కలదు. అంతయు నమోదు మెరుగుపడుటయే యనియు చెప్పరాదు. ఈ రెండింటి నడుమ ఉన్న సత్యమును వెదకుట శాస్త్రజ్ఞుని పని. ఆ పుస్తకమును సకాలమున తెరచి చూపుట రాజ్యము పని.

వయస్సు అను చిక్కు

పోలికలో మరియొక మోసము కలదు. దానిని ఒక కల్పిత ఉదాహరణతో చూపెదను. రెండు జిల్లాలలో వెయ్యేసి మంది రోగులు కలరనుకొందము. మొదటి జిల్లాలో 900 మంది వృద్ధులు, 100 మంది యువకులు. వృద్ధులలో 90 మంది, యువకులలో ఒకడు చనిపోయిరి. అనగా నూటికి 10, నూటికి 1. రెండవ జిల్లాలో 100 మంది వృద్ధులు, 900 మంది యువకులు. వృద్ధులలో 12 మంది, యువకులలో 18 మంది చనిపోయిరి. అనగా నూటికి 12, నూటికి 2. ఏ వయస్సు వారిని చూచినను మొదటి జిల్లా వైద్యమే మేలు. మొత్తము చూచినచో మొదటి జిల్లాలో 91 మంది, రెండవ జిల్లాలో 30 మంది. పత్రికలో శీర్షిక ఏ జిల్లాను నిందించునో చెప్పనక్కరలేదు.

ఇది కల్పన మాత్రమే కాదు. 2011 లెక్కల ప్రకారము కేరళలో అరువది యేండ్లు దాటినవారు నూటికి 12.6 మంది, బీహారులో 7.4 మంది. ఈ భేదమును సరిచేయకుండ రెండు రాష్ట్రముల మరణములను ప్రక్క ప్రక్కన ఉంచుట, తూకపు రాళ్లు మార్చి తూచుట వంటిది.

పోలికలోని ధర్మము

ఇంతవరకు చెప్పినది శాస్త్రము. ఇక ధర్మము. 1897 ఫిబ్రవరిలో, బొంబాయిలో ప్లేగు చెలరేగియుండగా అంటువ్యాధుల చట్టము వచ్చెను. పూనాలో రాండ్ అను అధికారి క్రింద సైనికులు ఇండ్లలో ప్రవేశించి, రోగులను వెదకి, బలవంతముగా తరలించిరి. ప్రజలు రోగులను దాచిరి. శవములను రహస్యముగా సాగనంపిరి. ఆ యేడు జూన్ 22 న రాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరిపిరి. భయపెట్టి సేకరించిన సమాచారము మొదట మనుష్యుని గౌరవమును, పిదప సత్యమునే చెరచునని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది. దాచుటకు కారణము కల్పించినవాడే లెక్క తప్పుటకు కారణభూతుడు.

2020 లో సైనికుల స్థానమున కాగితములు, ఫోనులు వచ్చెను. రోగుల ఇండ్ల ముందు నోటీసులు అంటించుట పలుచోట్ల జరిగెను. ఆ ఇంటివారిని ఇరుగుపొరుగువారు అస్పృశ్యులవలె చూచుట కలిగెను. 2020 డిసెంబరు 9 న సుప్రీంకోర్టు, సంబంధిత అధికారుల ప్రత్యేక ఆదేశము లేనిదే అట్టి నోటీసులు అంటింపరాదని చెప్పెను. ఆ యేడు ఏప్రిల్ 2 న ఆరోగ్య సేతు అను ఫోను సాధనము వచ్చెను; కేంద్ర ప్రభుత్వోద్యోగులందరును దానిని పెట్టుకొనవలెనని ఏప్రిల్ చివర ఉత్తరువు వచ్చినది మనలో పెక్కురకు జ్ఞాపకముండును. అందలి సమాచారమును సాధారణముగా 180 దినములకు మించి ఉంచరాదను నియమమును మే నెలలో ప్రకటించిరి. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24 న తీర్పు చెప్పియుండెను. రోగి తన జబ్బు సంగతిని వైద్యునకు చెప్పినది చికిత్స కొరకు. ఊరికి చాటుటకు కాదు.

సమాచారము ఎచ్చటిదో చూపకుండ తీర్పు చెప్పుటయు అధర్మమే. 2020 మే 22 న లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్య పత్రికలో 671 ఆసుపత్రులనుండి, 96 వేల రోగులనుండి సేకరించితిమని చెప్పిన ఒక వ్యాసము వచ్చెను. దానిని చూచి ప్రపంచ ఆరోగ్య సంస్థ హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు పరీక్షలను కొలది దినములు ఆపివేసెను. మూలపు లెక్కలు చూపుమని అడుగగా, వానిని సమకూర్చిన ప్రైవేటు సంస్థ చూపలేదు. జూన్ 4 న ఆ వ్యాసమును ఉపసంహరించిరి. పెద్ద సంఖ్యయే ప్రమాణమని నమ్మినచో ఇట్లే జరుగును.

అంకెలు కుటుంబముల బ్రతుకులను తాకునన్నది మరువరాని సంగతి. 2021 జూన్ 30 న సుప్రీంకోర్టు తీర్పును అనుసరించి, కోవిడ్ వలన చనిపోయినవారి కుటుంబమునకు 50,000 రూపాయల సహాయము ఏర్పడెను. ఆ సెప్టెంబరులో వచ్చిన మార్గదర్శకముల ప్రకారము పరీక్ష జరిగిన 30 దినములలోపల సంభవించిన మరణమును సాధారణముగా కోవిడ్ మరణముగా గ్రహింపవలెను. అంతకు ముందు ఏ కారణము చేతనైనను లెక్కకు రాని మరణములను కేరళ వంటి రాష్ట్రములు తరువాతి నెలలలో వేలకొలది చేర్చెను. పట్టికలో ఆ రాష్ట్రము పేరు చెడెను. వేలకొలది విధవలకు న్యాయము కలిగెను. ఈ రెండింటిలో ఏది మేలో చెప్పనక్కరలేదు. పోలిక చేయువారు నిజాయితీగా లెక్కించినవానికి అపకీర్తియు, లెక్కింపనివానికి కీర్తియు పంచిపెట్టినచో, మరునాటి మహమ్మారిలో ఎవరును లెక్కింపరు. పోలికకు మూలధనమైన సత్యమును పోలికయే తినివేయును.

కనుక ప్రాంతములను పోల్చువాడు ముందుగా ఎచ్చట ఎంత బాగుగా లెక్కించిరో తెలిసికొనవలయును. ఆ పిదపనే ఎచ్చట ఎంత బాగుగా కాపాడిరో చెప్పవలయును. మన తెలుగు కుటుంబములో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 2023 లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారము పొంది, ఆ యేడే నూట రెండేండ్ల వయస్సున మరణించిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945 లో నిరూపించిన ఒక సూత్రము ఈ సందర్భమున స్మరింపదగినది. ఒక దత్తాంశమునుండి ఎంత నేర్పుగా అంచనా వేసినను, ఆ అంచనాలోని అనిశ్చయమును ఒక హద్దునకు లోపలికి తగ్గింపలేము. దత్తాంశములో లేని నిశ్చయమును లెక్కచేయువాడు తన మాటతో కల్పింపరాదని సామాన్యులమైన మనమును అందునుండి గ్రహింపవచ్చును.

చివరగా, ఈ శాస్త్రమునకు మూలము పెద్ద పెద్ద కంప్యూటర్లలో లేదు. గ్రామ పంచాయతీ కార్యాలయములోని మరణ నమోదులో ఉన్నది. 2019–21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో నూటికి సుమారు 71 మరణములే నమోదైనవి. బీహారులో సుమారు 37 మాత్రమే. స్త్రీల మరణములు పురుషుల మరణములకంటె తక్కువగా నమోదగుచున్నవి. ఆస్తి లేని వృద్ధురాలి మరణమునకు ధ్రువపత్రముతో పని యేమని ఇంటివారు అనుకొందురు. ఆమె లెక్కకు రాకుండుటకు మహమ్మారి కారణము కాదు; మన అలక్ష్యము.

1969 నాటి చట్టము ప్రకారము మరణమును 21 దినములలోపల తెలుపవలెను. ఉద్యోగ రీత్యా ఢిల్లీలోను, ఇతర నగరములలోను ఉండి, పెద్దలను స్వగ్రామములలో ఉంచిన మన కుటుంబములలో ఈ పని కర్మకాండ తొందరలో మరుగున పడుట కద్దు. దానిని మరువకుండుట, ఊరిలోని నిరుపేద ఇంటికిని చేయించిపెట్టుట, మరునాటి ఆపదలో ఏ ప్రాంతమునకు సహాయము ముందుగా పోవలెనో నిర్ణయించు లెక్కకు మనము చేయగల సేవ. పోయినవారందరును లెక్కకు వచ్చిన నాడే, ఉన్నవారిని కాపాడు ఉపాయములలో ఏది మేలైనదో నిజముగా తెలియును.